నల్ల చేపకి బదులు

కిందటేడు దసరాకి మా ఫ్యాక్టరీ ఆఫీసులో తొమ్మిది చేపలు చచ్చిపోయాయి. దిష్టి తగిలి చచ్చాయని ఓనరు గారన్నారు. కాదు. వాటిని చంపింది మా మేనేజరు వీరబాబు మాట, నా రెండు చేతులు, గుప్పెడు సబ్బుపొడి. ఈ సంగతి అప్పుడే అనాల్సింది. తెలియక అనలేదు. తెలిశాక మాత్రం ఊరుకోలేదు. ఊరుకుంటే నేను కోటేశ్వరినే కాదు.

మాది మార్టూరు. గ్రానైటు రాళ్ళు కోసి నునుపు పట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తాను. రాళ్ళ దగ్గర కాదు, ఆఫీసులో. ఊడవడం, తుడవడం, వచ్చినవాళ్ళకి టీ ఇవ్వడం, చేపలకి మేత వెయ్యడం నా పని. ఓనరు యలమందయ్య గారి కుర్చీ వెనకాల నాలుగడుగుల అద్దాల తొట్టి ఉంది. వాస్తు చూసినాయన చెప్పి పెట్టించాడు. అందులో ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్ల చేప ఉండాలట. ఓనరు గారి మీద పడే దిష్టిని ముందు నల్ల చేప తీసుకుంటుందట. దాని వల్ల కాకపోతే మిగతావి తీసుకుంటాయట. ఎంత సుఖమైన శాస్త్రమో చూడండి. చేపలు బతికితే వాస్తు బాగున్నట్టు, చస్తే దిష్టి పోయినట్టు. ఎటు తిరిగీ తప్పు మాత్రం ఎవరిదీ కాదు.

ఆయుధపూజ రోజున మా ఫ్యాక్టరీలో మోటారున్న ప్రతి వస్తువునీ కడుగుతారు. రాళ్ళు కోసే కట్టరు, పాలిషింగ్ మెషీన్లు, క్రేను, బోరు మోటారు, అన్నిటికీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కడతారు. అందులో నాకేం పేచీ లేదు. మా ఇంట్లో నా మొగుడు మిర్చికి మందుకొట్టే స్ప్రేయరుకి కూడా నేను బొట్టు పెడతాను. కానీ కిందటేడు వీరబాబు కంట్లో చేపల తొట్టి ఫిల్టరు పడింది. దానికీ మోటారుంది కదా! పైకి లాగి, లోపల గోధుమరంగు బురద పట్టిన స్పాంజి చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఛీ, ఏందీ దరిద్రం? పూజ రోజు ఇంత మురికి పెట్టుకుంటారా? తెల్లగా అయ్యేదాకా పిండు."

పిండాను. సబ్బుపొడి వేసి మరీ పిండాను. నాలుగు నీళ్ళల్లో జాడించి, ఎండలో ఆరేసి, మళ్ళీ పెట్టి, మోటారుకి పసుపు రాశాం. తొట్టిలో నీళ్ళన్నీ తోడేసి కొత్త నీళ్ళు పోశాం. ఆ సాయంత్రం తొట్టి తళతళలాడిపోయింది. మూడో రోజుకి చేపలన్నీ నీటి పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఎగరోజడం మొదలుపెట్టాయి. ఆరో రోజుకి ఒక్కటీ మిగల్లేదు.

"మంచిదేలే. గట్టి దిష్టే పోయినట్టుంది" అన్నారు యలమందయ్య గారు. మర్నాడే ఇంకో తొమ్మిది తెప్పించారు. రెండు వారాల్లో అవీ పోయాయి. టీ వడబోసే జాలీతో తీసి, గేటు పక్కన వేపచెట్టు మొదట్లో పూడ్చింది నేనే. పద్దెనిమిది చేపలు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. దిష్టి పోవడానికి గుమ్మడికాయ ఉంది, నిమ్మకాయ ఉంది, ఎండుమిరపకాయలు ఉన్నాయి. మా నేల మీద మిరపకాయలకేం కరువు? నోరులేని వాటి ప్రాణమే కావాల్సి వచ్చిందా?

మూడోసారి చేపలు తేవడానికి నన్నే పంపారు. చిలకలూరిపేటలో నస్రత్ అనే అమ్మాయి చేపల కొట్టు నడుపుతుంది. పాతికేళ్ళ పిల్ల, నోరు మాత్రం నాకంటే పెద్దది. నేను బకెట్టు కింద పెట్టేసరికే కేకలేసింది.

"నెల తిరక్కుండా మళ్ళీనా అక్కా? నేనమ్మను పో. చంపుకోవడానికి పెంచుతున్నానా నేను వీటిని? ముందు ఏం చేశారో చెప్పు."

చెప్పాను. సబ్బుపొడి దాకా వచ్చేసరికి ఆ పిల్ల నెత్తి కొట్టుకుంది.

"అక్కా, చేపలు తినేదీ ఆ నీళ్ళలోనే, దొడ్డికెళ్ళేదీ ఆ నీళ్ళలోనే. అది విషం అవుద్ది. ఆ విషాన్ని తినేసే సూక్ష్మజీవులు స్పాంజిలో ఉంటాయి. మీరు మురికి అన్నది వాటి కాపురం. దాన్ని సబ్బు పెట్టి కడిగేస్తే ఇంక చేపల్ని ఎవరు కాస్తారు?"

నేను కాసేపు ఆలోచించాను. "అంటే పాలకి తోడులాగా అన్నమాట."

"అదీ! తోడు గిన్నెని కూడా సబ్బేసి తోమేసి, పెరుగు తోడుకోలేదేందని పాలని తిట్టినట్టుంది మీ యవ్వారం."

ఆ రోజు గంటసేపు కూర్చోబెట్టి చెప్పింది. స్పాంజిని తొట్టిలో తీసిన నీళ్ళలోనే రెండుసార్లు జాడించాలి, అంతకు మించి కడగకూడదు. నీళ్ళన్నీ ఒక్కసారే మార్చకూడదు, పావు వంతు మార్చాలి. మేత చిటికెడు చాలు. తన కొట్టులో పాత స్పాంజి ముక్క ఒకటి కోసిచ్చి, ఇంకో తొమ్మిది చేపలిచ్చి పంపింది. పదకొండు నెలలు వాటిలో ఒక్కటీ పోలేదు. నల్ల చేపని నేను నల్లోడా అని పిలిచేదాన్ని. పొద్దున తలుపు తీసి చీపురు పట్టుకోగానే అద్దానికి మూతి ఆనించి నాతో పాటు ఈ చివరి నుంచి ఆ చివరికి వచ్చేది. మేత కోసమే అనుకోండి. మనుషులు మాత్రం ఊరికే వస్తారా?

ఈ ఏడు దసరా ఇంకో వారం ఉందనగా ఓనరు గారు కొత్త ఫిల్టరు తెప్పించారు. పాలక్యానులా మూత బిగించి ఉండే రకం. తొట్టి కింద బీరువాలో పెట్టి, గొట్టాలు పైకి ఇవ్వాలి. ఆయుధపూజ రోజు హారతి ఇచ్చాక ఆయన చేత్తో స్విచ్చి వేస్తారట, పాతది అప్పుడే గేటు బయటికి పోవాలట. ఈ రెండో ముక్క వీరబాబు సొంత శాస్త్రం.

నస్రత్‌కి ఫోన్ చేశాను. "పాతది తియ్యొద్దు అక్కా. పాతదీ కొత్తదీ కలిపి ఐదారు వారాలు నడపాలి. కొత్తదాంట్లో కూడా తోడుకోవాలి కదా. అంతగా కుదరకపోతే పాత స్పాంజి తీసి కొత్తదాంట్లో పెట్టు, తడి ఆరనీయకు" అంది.

ఓనరు గారి ముందుకెళ్ళి నిలబడ్డాను. పక్కన వీరబాబు ఉన్నాడు, రాళ్ళు కోసే ప్రసన్నకుమార్ ఏదో సంతకానికి వచ్చి ఉన్నాడు.

"సార్, కొత్త ఫిల్టరు పెట్టండి, కాదనను. పాతదాన్ని మాత్రం ఒక నెల పక్కనే ఉండనివ్వండి. లేకపోతే చేపలు చస్తాయి."

యలమందయ్య గారు నవ్వారు. "రాళ్ళు కొనే పార్టీలు వచ్చి కూర్చునే గది కోటేశ్వరీ. ఆ మురికి డబ్బా కనపడుతుంటే ఏం బాగుంటది? అయినా చేపలు చచ్చేది ఫిల్టర్లకి కాదు, దిష్టికి."

"దిష్టి కాదు సార్. కిందటేడు చంపింది మేమే. వీరబాబు గారు కడగమన్నారు, నేను కడిగాను."

వీరబాబు ముఖం మాడింది. "ఏందే, చీపురు పట్టుకునేదానివి నాకు చెప్పేదానివయ్యావా?"

"చీపురు పట్టుకునేదాన్ని కాబట్టే మురికి గురించి నాకు బాగా తెలుసు. ఏది ఊడవాలో, ఏది ఉంచాలో."

ప్రసన్నకుమార్ దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకున్నాడు. నా నోరు ఒకసారి తెరుచుకుంటే మూతపడదు. "పందెం వేస్తాను సార్. చేపల పని నాకొదిలెయ్యండి. పూజ నుంచి నెల రోజుల్లో తొమ్మిదింట్లో ఒక్కటి పోయినా నేను మళ్ళీ ఈ గేటులో అడుగు పెట్టను. అన్నీ బతికితే మాత్రం ఆ తొట్టి మీద చెయ్యి వేసే హక్కు నాది ఒక్కదానిదే."

ఓనరు గారికి అది వేడుకగా అనిపించినట్టుంది. "సరే. కానీ పాత డబ్బా కనపడకూడదు. పూజకి కొత్తదే నడవాలి" అన్నారు. ఇంటికెళ్ళి చెబితే నా మొగుడు కంచం ముందు నుంచి లేచిపోయినంత పనిచేశాడు. "చేపల కోసం పని పోగొట్టుకుంటావా? మనం కౌలుకేసిన మిర్చి ఇంకా పూతకి కూడా రాలేదు" అన్నాడు. అతను అన్నదీ నిజమే. ఆ పని పోతే మార్టూరులో నాకు ఇంకో ఆఫీసు ఉద్యోగం ఎవరిస్తారు? కానీ అన్న మాట అన్నాను. తింటే తిను, లేకపోతే మానెయ్ అన్నాను.

డబ్బా కనపడకూడదన్నారు, స్పాంజి సంగతి అనలేదు. పాత స్పాంజిని కొత్తదాంట్లో దాచేస్తే పీడా పోతుంది. పూజ రోజు పొద్దున్నే ఏడింటికల్లా వెళ్ళాను. ఆఫీసు తలుపు తీసి ఉంది. పాత ఫిల్టరు తొట్టిలో లేదు. పెరట్లోకి పరుగెత్తాను. బట్టలారేసే తీగ మీద నా స్పాంజి వేలాడుతోంది, తెల్లగా, సబ్బు వాసనతో. కొసకి ఒక బంతిపువ్వు కూడా గుచ్చి ఉంది.

వీరబాబు అప్పుడే చేతులు తుడుచుకుంటున్నాడు. "బయట పారేసేదైనా కడిగి బొట్టు పెట్టి సాగనంపాలి. ఏడాది పనిచేసింది కదా" అన్నాడు. అందులో కుట్ర లేదు. అదే నాకు ఇంకా మండింది. కుట్రయితే తిట్టొచ్చు, భక్తిని ఏమని తిట్టను? అయినా తిట్టాననుకోండి.

కాసేపు ఆ తీగ కిందే కూలబడ్డాను. తోడు పోయింది. పదకొండు నెలల తోడు. పని పోవడం ఖాయం అనుకున్నాను. నల్లోణ్ణి కూడా జాలీతో తియ్యాలి కాబోలు. అంతలో నాకే సిగ్గేసింది. ఇంట్లో తోడు లేకపోతే ఏం చేస్తాం? గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్తాం.

టిఫిను క్యారేజీ పట్టుకుని రోడ్డెక్కాను. అరటి పిలకలు కట్టుకుని, ముందు అద్దానికి దండలేసుకుని వచ్చింది బస్సు. దారి పొడుగునా పత్తిచేలు తెల్లబడుతున్నాయి, పండగని కూడా చూడకుండా ఆడవాళ్ళు తీతలో ఉన్నారు. పేటలో దిగేసరికి నస్రత్ కొట్టు సగం తలుపే తీసి ఉంది.

"తోడు కావాలి" అన్నాను గుమ్మంలోనే.

"ఇవాళ శుక్రవారం కదక్కా, మీ ఇళ్ళల్లో తోడు బయటికివ్వరుగా?" అంది కన్ను గీటి.

"మేమివ్వం. తీసుకుంటాం."

పకపకా నవ్వి, కొట్టులో అన్నిటికంటే పాత తొట్టి దగ్గరికి తీసుకెళ్ళింది. అందులో చేపలకి ఏ రోగమూ రాలేదట, అందుకే అందులోంచే ఇస్తానంది. చెయ్యి పెట్టి, నల్లటి బురద కారుతున్న పెద్ద స్పాంజిని తీసి సగానికి కోసింది. ఒక సగం క్యారేజీలో పెట్టి, మునిగేలా తొట్టి నీళ్ళే పోసింది. "మూత బిగించకు, గాలి ఆడాలి. నేరుగా వెళ్ళు. ఇది సగం తోడే, నిలదొక్కుకోవడానికి టైం పడద్ది. వారం రోజులు మేత బాగా తగ్గించు." ఒక చిన్న సీసా కూడా ఇచ్చింది. చిన్న గ్లాసులో తొట్టి నీళ్ళు తీసి ఆ చుక్కలు వేసినప్పుడు పసుపురంగులో ఉంటే క్షేమం, ఆకుపచ్చకి తిరిగితే విషం పెరుగుతున్నట్టు. ఆ తొట్టికి కావాల్సిన పసుపు అదొక్కటే.

తిరుగు బస్సులో క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్న ఆవిడ "పులుసా?" అని అడిగింది. అవునన్నాను.

నేను వచ్చేసరికి పూజ సామాన్లు సర్దుతున్నారు. ఓనరు గారింకా రాలేదు. నేలమీద కూర్చుని కొత్త ఫిల్టరు మూత తీశాను. తెల్లటి స్పాంజి ఒకటి పక్కన పెట్టి, దాని చోట నా క్యారేజీలోది పెట్టాను. వీరబాబు వచ్చి మీద నిలబడ్డాడు.

"ఏందది? పూజ రోజు కొత్త మెషీన్లో బురద పెడతావా?"

"పెడతాను."

"అపచారం!"

"మూత పైన మీ ఇష్టం. ఎంత పసుపు కావాలంటే అంత రాసుకోండి, నేనూ బొట్టు పెడతాను. లోపల మాత్రం నాది. చెయ్యి పెట్టారంటే ఓనరు గారి ముందే అరుస్తాను." మూత బిగించి, దాని మీద నేనే కుంకుమ పెట్టాను. హారతి అయింది, ఓనరు గారు స్విచ్చి వేశారు, అందరూ చప్పట్లు కొట్టారు.

నాలుగో రోజుకి చుక్కలు లేత ఆకుపచ్చకి తిరిగాయి. మేత పూర్తిగా ఆపేశాను. బోరు నీళ్ళు ముందు రోజే పట్టి నిలవబెట్టి, రోజూ పావు తొట్టి మార్చాను. ఆరో రోజు పొద్దున నల్లోడు చీపురు వెంట రాలేదు. నీటి పైకొచ్చి నోరు తెరుస్తూ ఉన్నాడు. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది. పని గుర్తుకు రాలేదు. వేపచెట్టు మొదలే కళ్ళముందు కనపడింది. "చావకురా, చస్తే నిన్ను దిష్టి అంటారు, అది నేను పడలేను" అన్నాను అద్దానికి ముఖం పెట్టి. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు మార్చాను. ఎనిమిదో రోజుకి కిందికి దిగాడు. పదో రోజుకి చీపురు వెంట వచ్చాడు. పన్నెండో రోజుకి చుక్కలు పసుపు. తోడుకుంది.

ఇరవై ఎనిమిదో రోజు కట్టరు బ్లేడు పగిలింది. పెద్ద బ్లేడు, రాయి సగంలో ఉండగా పగిలి, రాయీ పాడయింది. మనుషులకేం కాలేదు. ఓనరు గారు తల పట్టుకుని కూర్చున్నారు. నేను టీ పెట్టి వెనక్కి తిరుగుతుంటే వీరబాబు అన్నాడు.

"చెబితే వినరుగదండీ. చేపలు తీసుకోవాల్సిన దిష్టి. ఈసారి అవి తీసుకోలా. బ్లేడు మీద పడింది."

యలమందయ్య గారు తలెత్తి తొట్టి వైపు చూశారు. ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్ల చేప హాయిగా తిరుగుతున్నాయి. ఆయన ముఖంలో కోపం చూశాను. బతికినందుకు కోపం!

"ఇవి పనిచెయ్యడం లేదు. తీసేసి కొత్తవి పట్రా కోటేశ్వరీ" అన్నారు.

పళ్ళెం పట్టుకుని మళ్ళీ ఆయన ముందుకొచ్చాను. పందెం వేశాను, బురద మోశాను, నెల రోజులు ప్రాణం ఉగ్గబట్టుకుని కాపాడాను. చస్తే నా పని పోయేది. బతికితే వాటి చోటు పోతోంది. ఇదెక్కడి న్యాయం?

తలుపు దగ్గర ప్రసన్నకుమార్ నిలబడి ఉన్నాడు. వీరబాబు వైపు చూడకుండా అన్నాడు. "సార్, బ్లేడు వేడెక్కకుండా దాని మీదికి నీళ్ళొచ్చే పైపులో గుడ్డపీలిక ఉంది. పూజకి కడిగేటప్పుడు కుక్కి మర్చిపోయారు. నీళ్ళు తగ్గుతున్నాయని రెండుసార్లు మేనేజరు గారికి చెప్పాను. ఇదిగో." చేతిలో నల్లగా నానిన గుడ్డ చూపించాడు. దాని అంచుకి ఇంకా పసుపు మరక ఉంది.

వీరబాబు కిందికి చూశాడు. ఓనరు గారు ఆ గుడ్డనీ చూశారు, తొట్టినీ చూశారు. అయినా మనిషి ఒక పట్టాన ఒప్పుకుంటాడా? "పైపులో గుడ్డ ఉండాలని రాసిపెట్టి ఉంది. అదీ దిష్టే. ఎవరో ఒకళ్ళు తీసుకోవాలి కదా" అని గొణిగారు.

"తీసుకోవాలా? అయితే నేను తీసుకుంటాను" అన్నాను.

పళ్ళెం బల్ల మీద పెట్టి, ప్రసన్నకుమార్ చెయ్యి పట్టుకున్నాను. అతని అరచేతినిండా మెషీను గ్రీజు. అందులో వేలు ముంచి, నా బుగ్గ మీద రూపాయి బిళ్ళంత చుక్క పెట్టుకున్నాను.

"ఇదిగో సార్, నల్ల చేప. ఇవాళ్టి నుంచి ఈ ఫ్యాక్టరీకి వచ్చే దిష్టి అంతా నాది. బ్లేడు విరిగినా, రాయి పగిలినా, పార్టీ రాకపోయినా కోటేశ్వరి తీసుకుంది అనుకోండి. నాకు నోరుంది, తిరిగి అరవగలను. వాటికి లేదు. ఆ తొట్టి మీద చెయ్యి మాత్రం నాది ఒక్కదానిదే. అది మీరిచ్చిన మాట. గడువు ఇంకా రెండు రోజులుంది, కావాలంటే కూర్చుని లెక్కపెట్టుకోండి."

యలమందయ్య గారు నా బుగ్గ వంక చూశారు. దిష్టి చుక్కని తిడితే తన శాస్త్రాన్నే తిట్టుకున్నట్టు. "ఆ టీ ఇటివ్వు" అన్నారు చివరికి.

ఇది జరిగి మూడు నెలలయింది. రోజూ పొద్దున చుక్క పెట్టుకునే పనికి వెళుతున్నాను. ఇప్పుడు గ్రీజు కాదు, కాటుక. ఈ మూడు నెలల్లో ఫ్యాక్టరీలో రెండు బ్లేడ్లు విరిగాయి, క్రేను ఒకసారి ఆగిపోయింది, ఒక పార్టీ వస్తానని చెప్పి రాలేదు. నాకు జలుబు కూడా చెయ్యలేదు. పొద్దున నేను చీపురు పట్టుకుంటే నల్లోడు అద్దం వెంట వస్తున్నాడు, వాడి వెనక మిగతా ఎనిమిదీ వస్తున్నాయి.